చెత్త ముక్కలతో సై

అల్ మవాలే,
23 మే 2009

ఓబులేసుకు,

పేరు పెట్టి రాస్తున్నాను. పెళ్ళయి పదిహేడేళ్ళయింది, నీ పేరు ఒక్కసారి కూడా నోటితో అనలేదు. ఇంకెలా మొదలుపెట్టాలో తెలియలేదు.

నేను ఒమన్ వచ్చి రెండేళ్ళు దాటింది. నువ్వు ఇంకా బొంబాయిలోనే ఉన్నావని మా వాళ్ళంతా అనుకుంటున్నారు. మొన్న గురువారం ఇక్కడి కూరగాయల మార్కెట్లో మన రాయచోటి ఫయాజ్ కనిపించాడు. తోటల నుంచి సరుకు తోలే పికప్ నడుపుతున్నాడు. "అన్న బర్కాలోనే ఉండాడు కదక్కా, ఖర్జూరం తోటలో. నీకు తెలీదా?" అన్నాడు. నలభై కిలోమీటర్ల దూరం. సంచీ కింద పెట్టి కాసేపు అక్కడే నిలబడిపోయాను.

నువ్వు ఇక్కడికి రావద్దు. ఫోన్ కూడా చేయొద్దు, నీ గొంతు వినాలని లేదు. ఒక్క సంగతి అడగడానికి రాస్తున్నాను. అది పేకాట సంగతి. నవ్వుకుంటే నవ్వుకో.

నేను పనిచేసే ఇంట్లో లోబో సార్ ఒక్కడే ఉంటాడు. మంగుళూరాయన. డెబ్బై నాలుగేళ్ళు. నలభై ఏళ్ళు ఓడరేవులో మ్యాపులు గీశాడు. భార్య పోయింది, కొడుకులు కెనడాలో ఉన్నారు. ఇప్పుడు చూపు పోతోంది. ఎదుటి మనిషికి మొహం ఉండాల్సిన చోట ఆయనకు మసక ముద్ద కనిపిస్తుందట. ప్రతి శుక్రవారం భోజనాలయ్యాక ఆరుగురు స్నేహితులు వచ్చి పోకర్ అనే ఆట ఆడతారు. డబ్బు ఒక్క పైసా లేదు. అందరికీ సమానంగా ప్లాస్టిక్ బిళ్ళలు ఇస్తారు. బిళ్ళలు అయిపోయినవాడు లేచిపోవాలి. చివరిదాకా మిగిలినవాడు ఇత్తడి కప్పు ఇంటికి తీసుకుపోతాడు, మళ్ళీ శుక్రవారం తెచ్చి ఇస్తాడు.

మనిషికి రెండు ముక్కలు మూసి వేస్తారు. బల్ల మధ్యలో అయిదు ముక్కలు తెరుస్తారు, అవి అందరివీ. నేను సార్ పక్కన కూర్చుని ఆయన ముక్కలు చెవిలో తెలుగులో చెప్తాను. ఆ గదిలో ఇంకెవరికీ తెలుగు రాదు. తొమ్మిది, నాలుగు, రాణి, ఇస్పేటు, ఆటకు కావాల్సిన చిన్న చిన్న మాటలు, అన్నీ నా దగ్గరే నేర్చుకున్నాడు.

చిక్కల్లా ఇక్కడే. ఒక్కోసారి ఎవరో తన బిళ్ళలన్నీ ఒకేసారి మధ్యలోకి తోసేస్తారు. మనం సై అంటే మనవీ పెట్టాలి, లేకపోతే ముక్కలు పారేయాలి. అప్పుడు సార్ అడుగుతాడు, "లక్ష్మీ, వాడి మొహం చూసి చెప్పు. నిజంగా ఉందా, ఉత్తదేనా?" నేను చెప్పాను. మూడు శుక్రవారాలు చెప్పాను, మూడుసార్లూ తప్పే. పోయిన వారం ఆయనే అందరికంటే ముందు లేచిపోయాడు. వంటింట్లోకి వచ్చి నీళ్ళు తాగి, గోడ పట్టుకుని గదిలోకి వెళ్ళిపోయాడు. ఆయనకు వారమంతటిలో ఉన్నది ఆ ఒక్క పూటే.

ఉన్నదంతా తోసేసే మనిషి మొహం ఎట్లుంటుందో నాకు తెలిసిన వాళ్ళలో నీకొక్కడికే బాగా తెలుసు. రాసి ఫయాజ్ చేతికి ఇవ్వు.

రామలక్ష్మి


బర్కా,
30 మే

రామలక్ష్మికి,

ఫయాజ్ కవరు ఇస్తే ఇంట్లో ఎవరో పోయారనుకున్నాను. మోటారు దగ్గర కూర్చుని చాలాసేపు తెరవలేదు.

పేక ముట్టి ఆరేళ్ళయింది. నువ్వు నమ్మనక్కర్లేదు. నువ్వు చెప్పే ఆట నాకు రాదు, మనది రమ్మీ. ఇక్కడ పంపులు బాగుచేసే ఇక్బాల్ ఒకప్పుడు కరాచీలో ఓడల మీద పనిచేశాడు. ఆయన్ని అడిగి, నాకు తెలిసింది కలిపి రాస్తున్నాను.

మొహం చూడొద్దు. పేకాటలో మొహం ఉండేదే అబద్ధం చెప్పడానికి. ముందు వాడి ముందున్న బిళ్ళలు చూడు. కుప్ప పెద్దగా ఉన్నవాడు అంతా తోశాడంటే వాడికి తొందర లేదు, ముక్కలు ఉండే తోసి ఉంటాడు. నాలుగు బిళ్ళలు మిగిలినవాడు తోశాడంటే వాడికి దారి లేదు. ఇంకో రెండు చుట్లు ఆగితే ఎట్లాగూ అయిపోతాడు. వాడు ఏ ముక్కలతోనైనా తోస్తాడు. వాణ్ణి చూసి భయపడకూడదు. మీ సార్ చేతిలో చెత్త ముక్కలున్నా సరే.

తర్వాత చేతులు చూడు. ముక్కలు బాగున్నవాడు మెల్లగా, జాగ్రత్తగా తోస్తాడు, ఎదుటివాడు ఎక్కడ బెదిరిపోతాడో అని. ఏమీ లేనివాడు గట్టిగా తోస్తాడు, నవ్వుతాడు, నీళ్ళు అడుగుతాడు. నేను బీడీ అడిగేవాణ్ణి.

ఇక్కడ అంతా బాగుంది. ఎండలు మొదలైనాయి. బావి నీళ్ళు ఏటికేడు ఉప్పవుతున్నాయి, నిమ్మచెట్లు ఎండిపోతున్నాయి. ఖర్జూరం తట్టుకుంటుంది.

ఆశ ఎట్లుంది? పదో తరగతి అయి ఉంటుంది.

ఓబులేసు


అల్ మవాలే,
20 జూన్

ఓబులేసుకు,

నువ్వు చెప్పింది పనికొచ్చింది.

నిన్న సమీయుల్లా అని భోపాలాయన, ఇన్సూరెన్సులో పని, ఉన్నవన్నీ తోసేశాడు. ఆయన ముందు ఉన్నవే కొన్ని. గట్టిగా తోశాడు, రెండు బిళ్ళలు దొర్లి కింద పడ్డాయి. "భాభీ, చాయ్ మిలేగీ?" అని నన్ను అడిగాడు. సార్ చేతిలో తొమ్మిది, నాలుగు. రంగు కూడా కలవలేదు. చెవిలో ముక్కలు చెప్పి, "బిళ్ళలు తొమ్మిది వందలే ఉన్నాయి సార్, దారి లేక తోశాడు" అన్నాను. సార్ సై అన్నాడు. అందరూ నవ్వారు. సమీయుల్లా రాజు, ఏడు తిప్పాడు. మధ్యలో తొమ్మిది పడింది. మాదే ఆట.

అందరూ వెళ్ళాక, అంత చెత్త ముక్కలతో ఎందుకు సై అన్నారని అడిగాను. సార్ బిళ్ళలు బల్ల మీద పరిచి చూపించాడు. ఈ ఆటలో వంతు వచ్చినప్పుడు ముక్కలు చూడకముందే కొన్ని బిళ్ళలు మధ్యలో పెట్టాలి. మావి నాలుగు వందలు అప్పటికే అక్కడున్నాయి. ఇంకొకాయనవి రెండు వందలు. సమీయుల్లావి తొమ్మిది వందలు. "అంటే పదిహేను వందలు అక్కడ పడున్నాయి. నేను వేయాల్సింది ఇంకో అయిదు వందలే. నాలుగుసార్లు సై అంటే ఒక్కసారి గెలిచినా నాకు నష్టం లేదు. తొమ్మిది, నాలుగు ఎంత చెత్తవైనా మూడుసార్లకు ఒకసారి గెలుస్తాయి. ముక్కలు బాగున్నాయా లేదా అని కాదు లక్ష్మీ, ఆ ధరకు సరిపోతాయా లేదా అని చూడాలి" అన్నాడు. "మరి ఎప్పుడూ సై అనొచ్చు కదా సార్?" అంటే, "ఓడితే మన దగ్గర ఏం మిగులుతుందో కూడా చూసుకోవాలి. ఈ ఆటలో అయిపోయినవాడికి మళ్ళీ బిళ్ళలు ఇవ్వరు" అన్నాడు.

కప్పు ఈ వారం మా ఇంట్లోనే ఉంది. చింతపండుతో తోమి షోకేసులో పెట్టాను. సార్ దాన్ని చేత్తో తడిమి చూస్తున్నాడు.

ఆశ గురించి అడగొద్దు. ఆ హక్కు నీకు లేదు. మూడు రోజులుగా జ్వరంతో పిల్ల కాలిపోతుంటే కొండ కింద తోటలో ఆడుతూ కూర్చున్నావు. బండి నీ దగ్గరే ఉంది. మా తమ్ముణ్ణి పంపితే "ఈ ఆట అయిపోనీ, వచ్చాండ" అన్నావు. నేను పిల్లను భుజాన వేసుకుని ఏడు మైళ్ళు నడిచాను. పిల్ల బతికింది. నీకు అంతవరకు చాలు.

రామలక్ష్మి


బర్కా,
18 జూలై

రామలక్ష్మికి,

ఖర్జూరం కోతలు. చెట్టెక్కడానికి నడుముకు తాడు కట్టుకుంటాము. పొద్దున ఆరింటికే చొక్కా తడిసిపోతుంది. నాతో ఉండే ఇద్దరు బంగ్లాదేశ్ వాళ్ళు వాళ్ళలో వాళ్ళు మాట్లాడుకుంటారు. తెలుగు మాట్లాడి వారమవుతుంది, ఫయాజ్ వస్తేనే. అందుకని నీ ఉత్తరం మూడుసార్లు పైకి చదువుకున్నాను, తిట్లతో సహా.

ఆ రోజు సంగతి ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు చెప్తాను.

మీ తమ్ముడు వచ్చినప్పుడు గెలిచే ఆటలో ఉన్నానని, అందుకే లేవలేదని అందరూ అనుకున్నారు. నువ్వూ అట్లే అనుకుని ఉంటావు. నా చేతిలో చెత్త ముక్కలున్నాయి. ఒక్క వరస లేదు. ఓడిపోతానని తెలుసు. అయినా కూర్చున్నాను. ఎందుకంటే లేస్తే ఇంటికి రావాలి. వస్తే బిడ్డ ఒళ్ళు ముట్టుకుని చూడాలి. పొద్దున నేను బయలుదేరేటప్పుడే ఒళ్ళు కాలుతోంది, నాకు తెలుసు. ఏమన్నా అయిపోయి ఉంటే ఎట్లా చూడాలి అని భయమేసింది. పేక చేతిలో ఉన్నంతసేపు ఆ భయం పక్కన ఉంటుంది. అంతే. పేక పిచ్చి అని లోకం అన్నది, అది కూడా నాకు మేలే. పిరికితనం కంటే పిచ్చి అనిపించుకోవడం నయం.

ఆ వారమే బొంబాయి పోయాను. తర్వాత ఇటు వచ్చాను. నీకు రాయడానికి మొహం లేదు.

నువ్వు జవాబు రాయకపోయినా, ఆ ఆట సంగతులు మాత్రం ఫయాజ్‌తో చెప్పి పంపు. సార్ గెలిచాడా లేదా అని శుక్రవారం సాయంత్రానికి చూస్తుంటాను.

ఓబులేసు


అల్ మవాలే,
7 నవంబర్

ఓబులేసుకు,

మూడు నెలల పైనే రాయలేదు. నీ ఉత్తరం చదివాక ఏం రాయాలో తెలియలేదు. శుక్రవారాల సంగతి ఫయాజ్ చెప్తూనే ఉన్నాడు కదా. ఇప్పటికి ఏడుసార్లు కప్పు మాది.

ఫయాజ్ ఇంకో సంగతి కూడా చెప్పాడు, నేను గట్టిగా అడిగితే. నీకు బతాకా, ఇక్కడ ఉండనిచ్చే కార్డు, లేదట. బహ్లాలో నువ్వు పనిచేసిన కంపెనీ మూతపడ్డాక పాస్‌పోర్టు చేతికి రాలేదట, నాలుగేళ్ళుగా కాగితాలు లేకుండా ఖల్లివల్లిగా తిరుగుతున్నావట. పోలీసులు వస్తే తోట వెనక కాలువలో పడుకుంటావట. "అంతా బాగుంది" అని నాకు రాశావు.

కాగితాలు లేనివాళ్ళకు క్షమాభిక్ష ఇస్తున్నారు. జరిమానా లేకుండా పంపిస్తారు. గడువు ఎంతో లేదు. నీకు తెలుసు కదా.

సార్ కొడుకు వచ్చే నెల వస్తాడు, ఆయన్ని కెనడా తీసుకుపోతాడు. డిసెంబర్ పద్దెనిమిది చివరి ఆట.

ఆశ కడపలో హాస్టల్లో ఉండి ఇంటర్ చదువుతోంది. లెక్కలు. పదిలో స్కూలు ఫస్టు వచ్చింది. ఇంత రాయాలనుకోలేదు, రాశాను.

రామలక్ష్మి


బర్కా,
20 నవంబర్

రామలక్ష్మికి,

స్కూలు ఫస్టు అన్న ముక్క ఇక్బాల్‌కు చదివి వినిపించాను. ఆయనకు తెలుగు రాదు. మళ్ళీ హిందీలో చెప్పాను.

క్షమాభిక్ష సంగతి తెలుసు. ఎంబసీ ముందు వరసలో జనం ఎండలో కూర్చుంటున్నారట. పాస్‌పోర్టు బదులు ఇంటికి పోవడానికి మాత్రం పనికొచ్చే అవుట్‌పాస్ ఇస్తారు, వేలిముద్రలు తీసుకుంటారు, మళ్ళీ ఈ దేశం రానివ్వరు. మా అర్బాబ్, ఈ తోట యజమాని, మంచివాడే, "పోతే పో, ఉంటే ఉండు" అన్నాడు. నా వయసు నలభై మూడు. ఇంటికి పోతే అక్కడ నా కోసం ఎవరూ లేరు. ఇక్కడ కనీసం చెట్లకు నా చేయి అలవాటు.

పోవాలని ఉంది. పోయి కడపలో ఏదో ఒక పని చూసుకుని, ఆదివారం ఆదివారం ఆ హాస్టల్ గేటు దగ్గరికి పోవాలని ఉంది. ఆశ రానిస్తే చూస్తాను, వద్దంటే వచ్చేస్తాను. నీ ఇంటి గడప తొక్కను. నిన్ను రమ్మనను.

నువ్వు పొమ్మంటే పోతాను. వద్దంటే ఇక్కడే ఉంటాను, ఎప్పుడో ఒకప్పుడు పట్టుకుంటారు. నాకు ఇంకేమీ లేదు, ఉన్నదంతా ఈ కాగితం మీద పెట్టాను. నీ మాట కావాలి.

ఓబులేసు


అల్ మవాలే,
19 డిసెంబర్

ఆశ నాయనకు,

నీ ఉత్తరం నాలుగు వారాలుగా బియ్యం డబ్బాలో ఉంది. నిన్నటి ఆట అయ్యాక రాద్దామని ఆగాను. ముందు ఆట సంగతి చెప్తాను.

సార్‌కు దగ్గు పట్టుకుంది. కుర్చీలో కూర్చున్నాడు కానీ మాట పెగలడం లేదు. "ఈ రోజు నువ్వే ఆడు లక్ష్మీ. నన్ను అడగొద్దు" అన్నాడు. "పనిమనిషి ఆడటం ఏంది?" అని ఒకాయన గొణిగాడు. నిసార్ అహ్మద్ అని కరాచీ ఇంజనీరు, పెద్దమనిషి, "ఆర్నెల్ల నుంచి మనల్ని ఓడిస్తున్నది ఎవరనుకున్నావు?" అన్నాడు. చేతులు కొంగుకు తుడుచుకుంటూ ఆడాను.

చివరికి నేను, నిసార్ అహ్మద్ మిగిలాము. ఆయన మంచి ముక్కలు వస్తే తప్ప కదలడు. ఆయన తోస్తే ఎవరైనా పారేస్తారు. కానీ ఆటలో కూర్చున్నందుకు వేయాల్సిన బిళ్ళలు అప్పటికి బాగా పెరిగాయి, ఆయన కుప్ప కరిగిపోతోంది. ఆయన మొత్తం తోశాడు. నా దగ్గర రాణి, అయిదు. చూసుకుంటే ఏమీ లేనట్టే. ఓడితే నా దగ్గర కొంచెమే మిగులుతుంది. ఆయన చేతులు చూశాను. ఎప్పుడూ మెల్లగా పెట్టే మనిషి, ఈసారి గబుక్కున తోశాడు. ఆయనకు కూడా దారి లేదు అనిపించింది. సై అన్నాను.

ఆయన జాకీ, పది తిప్పాడు. నాదే పై చేయి. మధ్యలో నాలుగు ముక్కలు తెరిచేదాకా నాదే. అయిదోది పది పడింది.

ఇంకో రెండు ఆటల్లో నా బిళ్ళలు అయిపోయాయి. సార్‌కు చివరి కప్పు ఇవ్వలేకపోయాను. వంటింట్లోకి వెళ్ళి ఏడ్చాను. సార్ గోడ పట్టుకుని వచ్చాడు. "ఏం చూసి సై అన్నావు?" అని అడిగాడు. చెప్పాను. "నేనైనా సై అనేవాణ్ణి. చేయాల్సింది నువ్వు సరిగ్గా చేశావు. పది పడటం నీ పని కాదు" అన్నాడు. నా మొహం ఆయనకు కనిపించదు కదా. తల మీద చేయి పెట్టి, తడి తగిలి, తన చేతిరుమాలు ఇచ్చాడు.

ఇక నీ విషయం. నీ మీద నాకు నమ్మకం లేదు. ఆ మాట మార్చి రాయలేను. కానీ నువ్వు ఇక్కడ పట్టుబడి జైల్లో ఉంటే ఎవరికి మేలు? అట్లని నువ్వు అక్కడికి పోయి, నాలుగు ఆదివారాలు వచ్చి మానేస్తే, దెబ్బ తగిలేది నాకు కాదు, ఆశకు. అందుకని నా ఒక్కదాని మాట చాలదు. ఆశకు ఫోన్ చేశాను. అంతా చెప్పాను, నువ్వు జూలైలో రాసిన సంగతి కూడా. అంతా విన్నది. తర్వాత, "ఎట్లుంటాడు మా?" అంది. "తెలీదు మే. నేను చూసి పదేళ్ళాయ" అన్నాను. "రానీలే. చూస్తా" అంది.

కాబట్టి పో. హాస్టల్ అడ్రసు వెనక రాశాను. ఆదివారం పది నుంచి పన్నెండు దాకా చూడనిస్తారు.

నేను రాను. నిసార్ అహ్మద్ గారింట్లో పని కుదిరింది. ఆశ డిగ్రీ అయ్యేదాకా ఇక్కడే ఉంటాను. ఎయిర్‌పోర్టుకు కూడా రాను, చూడొద్దు.

రామలక్ష్మి


కడప,
12 జనవరి 2010

రామలక్ష్మికి,

క్షేమంగా చేరాను. పాత బస్టాండు దగ్గర ఓబయ్య అనే ఆయన మొక్కల నర్సరీలో పని దొరికింది. అక్కడే షెడ్డులో పడక.

మొన్న ఆదివారం హాస్టల్‌కు పోయాను. వార్డెన్ పేరు రాసుకుని, "ఏమవుతావు?" అని అడిగింది. వెనక నుంచి ఆశే "మా నాయన" అని చెప్పింది. నా అంత ఎత్తుంది. మొహం నీదే.

చెట్టు కింద బెంచీ మీద కూర్చున్నాము. ఏదో చెప్పబోతే, లేచి నా అటుపక్కకు వచ్చి కూర్చుంది. "ఈపక్క నుంచి చెప్పు. ఎడం చెవి ఇనపడదు నాకు. చిన్నప్పుడు జరమొచ్చి పోయిందంట" అంది. మామూలుగా అంది, బస్సు టైము చెప్పినట్టు.

ఇన్ని ఉత్తరాల్లో నువ్వు ఆ సంగతి రాయలేదు.

ఆమే అడిగింది, ఒమన్‌లో చెట్లెక్కుతావంట కదా, ఎంత ఎత్తుంటాయి అని. చెప్పాను. గంట కొట్టారు. లోపలికి పోతూ, "వచ్చే ఆదివారం పరీక్ష ఉంది, ఆపై వారం రా" అంది.

ఆపై వారం పోతాను.

ఓబులేసు


అల్ మవాలే,
29 జనవరి

ఆశ నాయనకు,

నీ ఉత్తరం రావడానికి పదమూడు రోజులు పట్టింది. ఫయాజ్ పికప్‌లో అయితే గంటలో వచ్చేది.

చెవి సంగతి కావాలనే రాయలేదు. మొదట్లో నీకు చెప్పడం ఇష్టం లేక. తర్వాత, రాస్తే నువ్వు ఆ బిడ్డ ఎదుటికి పోలేవని. నీ భయం ఎట్లాంటిదో నువ్వే రాశావు కదా.

సార్ వెళ్ళిపోయాడు. కెనడాలో మంచు పడుతోందట, తెల్లగా తప్ప ఏమీ తెలియడం లేదని ఫోన్లో చెప్పాడు. నిసార్ అహ్మద్ గారింట్లో మనుషులు ఎక్కువ, పని ఎక్కువ. శుక్రవారాలు ఇప్పుడు ఎవరూ ఆడటం లేదు. భోజనాలయ్యాక గిన్నెలు కడిగి, ఏం చేయాలో తోచక ఆరిన బట్టలే మళ్ళీ మడత పెడుతున్నాను.

ఇంకొకటి చెప్పాలి. ఎయిర్‌పోర్టుకు రాను అన్నాను. వచ్చాను. ఫయాజ్ దింపాడు. అవుట్‌పాస్ వాళ్ళ వరసలో నీలం సంచీ పట్టుకుని నిలబడ్డావు. మొదట గుర్తుపట్టలేదు. జుట్టు తెల్లబడింది, మెడ సన్నబడింది. నేను ట్రాలీల పక్కన స్తంభం వెనక ఉన్నాను. పిలిస్తే వినపడేంత దూరమే. నీ వంతు వచ్చేదాకా నిలబడ్డాను, నువ్వు లోపలికి పోయాక కూడా కాసేపు నిలబడ్డాను. తెలిసి కూడా ఏడు నెలలు నలభై కిలోమీటర్లలో ఉన్నాము. ఒక్క శుక్రవారం రమ్మని ఉండొచ్చు. ఎందుకు రమ్మనలేదో ఇప్పటికీ తెలియడం లేదు.

ప్రతి ఆదివారం పోయి వచ్చాక రాయి. ఆశ ఏం కట్టుకుంది, ఏం తిన్నది, ఏం అడిగింది, అన్నీ రాయి. ఏమీ మాట్లాడకపోయినా, మాట్లాడలేదని రాయి.

రామలక్ష్మి